నీడ పలికిన సాక్ష్యము

అనకాపల్లి జిల్లాలో తాండవ నది యొడ్డున పాయకరావుపేట యను పట్టణము కలదు. నదికి ఆవలి యొడ్డున తుని పట్టణమున్నది. చెన్నై నుండి కలకత్తాకు పోవు జాతీయ రహదారి ఈ రెండు ఊళ్ల ప్రక్కగా సాగిపోవుచున్నది. 2022వ సంవత్సరము ఏప్రిలు నెలలో అనకాపల్లి జిల్లా యేర్పడువరకు పాయకరావుపేట విశాఖపట్టణము జిల్లాకు చెందియుండెడిది. పటమును శ్రద్ధగా చూచువారికి ఈ ఊరి విశేషము మరియొకటి కనబడును. భారతదేశమంతటికిని గడియారపు కాలమును నిర్ణయించు 82 డిగ్రీల 30 నిమిషముల తూర్పు రేఖాంశము ఈ పట్టణమునకు కొలది కిలోమీటర్ల దూరముననే పోవుచున్నది.

1906వ సంవత్సరము జనవరి 1వ తేది నుండి ఈ రేఖాంశపు కాలమే భారత ప్రామాణిక కాలముగా అమలులోనికి వచ్చినది. భూమి ఒక డిగ్రీ తిరుగుటకు నాలుగు నిమిషములు పట్టును. కావున పశ్చిమ తీరమునందలి ద్వారకలో సూర్యుడు ఆకాశ మధ్యమునకు వచ్చుసరికి గడియారము ఒంటిగంటను సమీపించును. తూర్పున అరుణాచల ప్రదేశములోని డాంగ్ గ్రామమున పదకొండు గంటలకే మధ్యాహ్నమగును. పాయకరావుపేటలో మాత్రము ఎండయు గడియారమును దాదాపు ఒక్కటిగనే నడచును. కొన్ని నెలలలో పావుగంట వరకు తేడా వచ్చుచుండును గాని, అది ప్రతి సంవత్సరము ఒకే తీరున వచ్చునది, లెక్కకు అందునది. ఆ ఊరి పాఠశాల ఆవరణలో నిటారుగా నాటిన కఱ్ఱ యొక్క నీడ దేశమునకెల్ల కాలము చెప్పు గడియారముతో సరితూగుననుటలో అతిశయోక్తి లేదు.

నీడను బట్టి కాలమును తెలిసికొనుట ఈ దేశమునకు క్రొత్త విద్య కాదు. పూర్వపు జ్యోతిష్కులు సమతలముపై శంకువును నాటి, దాని నీడతో దిక్కులను, కాలమును నిర్ణయించెడివారు. ఉత్తరాంధ్రలో గోడే వెంకట జగ్గారావు 1840వ సంవత్సరమున విశాఖపట్టణములో వేధశాలను నెలకొల్పెను. ఆయన అనంతరము ఆయన అల్లుడు అంకితము వెంకట నరసింగరావు దానిని నడపి, 1874లో శుక్రగ్రహము సూర్యబింబము మీదుగా దాటిపోవుటను అక్కడనుండి పరిశీలించెను. అట్టి పెద్దలు ఆకాశమును తెలిసికొనుటకు సాధించిన ఈ విద్య నేడు మరియొక పనికి ఉపయోగపడుచున్నది.

పూర్వము దూరదేశపు వార్త పల్లెకు చేరుటకు దినములు పట్టెడిది. నేడు ప్రపంచమున ఏ మూల జరిగిన సంఘటనయైనను నిమిషములలో సెల్‌ఫోను తెరపై కనబడుచున్నది. దానితోపాటు అబద్ధమును అంత వేగముగనే వచ్చుచున్నది. ఎన్నడో వచ్చిన వరదను నిన్నటి వరద యనియు, ఎక్కడనో కూలిన వంతెనను పొరుగూరి వంతెన యనియు చెప్పి వీడియోలను పంపువారు కలరు. పంపినవానికి అది క్షణకాలపు పని. నమ్మినవారికి ప్రాణాపాయము కావచ్చును. అట్టి దృశ్యము నిజమో కాదో తేల్చుటకు నిపుణులు పిలుచు సాక్షులలో సూర్యుడొకడు. ఈ సాక్షికి లంచమిచ్చుట ఎవరి తరమును కాదు. కాని అతని భాష తెలిసినవారికే అతని మాట బోధపడును. ఆ భాషయే భూగోళ శాస్త్రము.

ఆ భాష తెలియనిచో నిజమే అబద్ధముగా తోచును. ఇందుకొక ఉదాహరణము కలదు. 1983వ సంవత్సరము జూన్ 25వ తేదిన లండను నగరమునందలి లార్డ్స్ మైదానమున ప్రపంచ కప్పు క్రికెట్టు అంతిమ పోటీ జరిగినది. కపిల్ దేవ్ నాయకత్వమున భారత జట్టు 183 పరుగులు మాత్రమే చేసి, వెస్టిండీసు జట్టును 140 పరుగులకే ముగించి గెలుపొందెను. ఆ సమయమునకు భారతదేశమున అర్ధరాత్రి కావచ్చుచుండెను. టెలివిజను ముందు కూర్చున్నవారికి మాత్రము, జనులు పగటి వెలుతురులో మైదానములోనికి పరుగెత్తుకొని వచ్చుట కనబడినది. ఇక్కడ నడిరేయి, అక్కడ పగలు! దృశ్యము నిజము, గడియారమును నిజమే.

ఈ వింతకు కారణములు రెండు. వేసవిలో లండను గడియారము భారత గడియారము కంటె నాలుగున్నర గంటలు వెనుక నుండును. భారతదేశమున రాత్రి పన్నెండు గంటలైనప్పుడు అక్కడ సాయంకాలము ఏడున్నర గంటలగును. ఈ యొక్క కారణముతోనే సందేహము తీరదు. ఏడున్నర గంటలనగా పాయకరావుపేటలో సంవత్సరమున ఏ దినముననైనను చీకటి పడియుండు వేళ. లండనులో జూన్ మాసాంతమున ఆ వేళకు సూర్యుడు ఆకాశముననే యుండును. అస్తమించుటకు ఇంకను రెండు గంటల కాలము మిగిలియుండును. ఇది రెండవ కారణము. దీనిని తెలిసికొనుటకు భూమి ఒరుగును గమనింపవలెను.

భూమి తన యిరుసుపై నిటారుగా నిలిచి తిరుగుట లేదు; దాదాపు ఇరువది మూడున్నర డిగ్రీలు ఒరిగి తిరుగుచున్నది. చీకటి గదిలో బల్లపై దీపమునుంచి, బత్తాయి పండునకు నడుమగా ఒక పుల్లను గ్రుచ్చి, పుల్ల పై కొనను దీపము వైపు కొంచెము వంచి పండును త్రిప్పినచో ఈ సంగతి తేటపడును. పండు పై భాగమున అంటించిన చిన్న కాగితపు ముక్క వెలుతురులో ఎక్కువసేపును, చీకటిలో తక్కువసేపును ఉండును. పుల్ల దగ్గర నంటించిన ముక్క ఎంత త్రిప్పినను చీకటిలోనికి పోనేపోదు. పుల్లను వంచిన తీరు మార్చక, పండును దీపమునకు రెండవ వైపునకు కొనిపోయినచో అంతయు తారుమారగును. జూన్ నెలలో ఉత్తర ధ్రువము సూర్యుని వైపునకును, డిసెంబరులో సూర్యునికి ఎడముగను ఒరిగియుండును. పగటి పొడవు మారుటకు ఇదియే మూలము.

ఈ మార్పు భూమధ్యరేఖ దగ్గర స్వల్పము. ఉత్తరమునకు పోయిన కొలది అధికము. పాయకరావుపేట 17 డిగ్రీలకు మించిన ఉత్తర అక్షాంశముపై నున్నది. అక్కడ జూన్ 21వ తేది ప్రాంతమున పగలు సుమారు 13 గంటల 10 నిమిషములు. డిసెంబరు 21వ తేది ప్రాంతమున సుమారు 11 గంటల 5 నిమిషములు. రెంటికిని నడుమ భేదము రెండు గంటలు మాత్రమే. లండను 51 డిగ్రీలకు మించిన అక్షాంశముపై నుండుటచే అక్కడి వేసవి పగలు పదునారున్నర గంటలు దాటును. శీతకాలపు పగలు ఎనిమిది గంటలైనను ఉండదు. స్వీడను రాజధానియైన స్టాక్‌హోమున వేసవి పగలు పదునెనిమిదిన్నర గంటలకు మించును. నార్వేలోని ట్రోమ్సో నగరమున మే నెల మూడవ వారము మొదలుకొని జూలై నెల మూడవ వారము దాటువరకు సూర్యుడు అస్తమింపనే అస్తమింపడు. ఆ ఊరివారే నవంబరు చివరి నుండి జనవరి నడిమి వరకు సూర్యబింబమును చూడకయే కాలము గడుపుదురు.

మరియొక భేదము కూడ కలదు. పాయకరావుపేటలో సూర్యుడు ఇంచుమించు నిట్టనిలువుగా క్రిందికి దిగును. కావున ప్రొద్దు గ్రుంకిన అరగంటలో చీకట్లు ముసురును. ఉత్తర దేశములలో సూర్యుడు దిగంతము వెంబడి ఏటవాలుగా జారిపోవును. అందుచేత సంధ్యాకాలము గంటల తరబడి సాగును. స్టాక్‌హోము వంటి చోట్ల జూన్ నెలలో ఒక సంధ్య ముగియకమునుపే మరియొక సంధ్య ఆరంభమగును. దీనికి తోడు, ఐరోపా దేశములలో మార్చి చివరి ఆదివారము మొదలు అక్టోబరు చివరి ఆదివారము వరకు గడియారములను ఒక గంట ముందునకు జరుపుదురు. ఆ కాలమున అక్కడ సూర్యాస్తమయము గడియారములో మరియొక గంట ఆలస్యముగా కనబడును.

చదువుల కొఱకును, ఉద్యోగముల కొఱకును ఈ ఉత్తర దేశములకు పోయిన తెలుగువారు నేడు చాలమంది కలరు. జూన్ నెలలో ఇక్కడ అర్ధరాత్రి దాటి అరగంటయైన తరువాత, స్టాక్‌హోములో నున్న కుమారుడు వీడియోలో తల్లితో మాట్లాడినచో, అక్కడి గడియారము రాత్రి తొమ్మిది చూపుచుండగా అతని కిటికీలో ఎండ కనబడును. తల్లికి వింత కలుగవచ్చును గాని అనుమానము కలుగదు. మాట్లాడుచున్నది తన బిడ్డయే గదా! తెలియని మనుష్యుడు, తెలియని వీధి, “రాత్రి తొమ్మిది గంటలకు జరిగిన ప్రమాదము” అను వార్త, దాని క్రింద ఎండలో తీసిన దృశ్యము వచ్చినప్పుడు మాత్రము, “ఇది కల్పితము” అని తోసివేయుటకు చాలమంది సిద్ధపడుదురు. జూన్ నెలలో ఆ దృశ్యము నిజము కావచ్చును. అదే వార్త డిసెంబరులో వచ్చినచో అది నిజము కానేరదు. అప్పుడు స్టాక్‌హోములో మధ్యాహ్నము మూడు గంటలకు ముందే సూర్యాస్తమయమగును. ఎండ యొక్కటే, తేదిని బట్టి దాని సాక్ష్యము మారును. అబద్ధమును నమ్ముట ఎంత తప్పో, నిజమును అబద్ధమని త్రోసిపుచ్చుట అంత తప్పు. ఆపదలో నున్నవారి మొర అట్టి తొందరపాటు వలన వినబడకపోవచ్చును.

ఇక నీడ సంగతి. నీడకు పొడవును, దిక్కును కలవు. పొడవు సూర్యుడు ఎంత యెత్తున నున్నాడో తెలుపును. దిక్కు ఏ వైపున నున్నాడో తెలుపును. స్థలము తెలిసినచో ఈ రెంటిని బట్టి కాలమును లెక్కింపవచ్చును. కాలము తెలిసినచో చెప్పిన స్థలము సరియైనదా కాదా యని పరీక్షింపవచ్చును. పాయకరావుపేటలో ఒక మీటరు కఱ్ఱను నిలిపినచో, డిసెంబరు 21వ తేది మిట్టమధ్యాహ్నము దాని నీడ ఉత్తరముగా సుమారు 86 సెంటీమీటర్లు పడును. మార్చి 21వ తేదిన ఆ నీడ 31 సెంటీమీటర్లకు తగ్గును. మే 9వ తేది ప్రాంతమున సూర్యుడు సరిగా నడినెత్తికి వచ్చును. నీడ కఱ్ఱ పాదమున అణగిపోవును. అటుపిమ్మట సూర్యుడు ఉత్తరమునకు దాటుటచే జూన్ 21న మధ్యాహ్నపు నీడ సుమారు 11 సెంటీమీటర్లు దక్షిణముగా పడును. ఆగష్టు 3వ తేది ప్రాంతమున నీడ మరల మాయమై, పిమ్మట ఉత్తరమునకు మరలును.

అదే కఱ్ఱను లండనులో నిలిపినచో మధ్యాహ్నపు నీడ ఎన్నడును దక్షిణముగా పడదు. డిసెంబరులో ఆ నీడ మూడున్నర మీటర్లకు మించి సాగును. కావున మిట్టమధ్యాహ్నమున పొడవైన నీడలతో కనబడు వీధిని చూపి ఇది ఆంధ్ర దేశపు వీధి యని ఎవరైన చెప్పినచో, ఆ మాటను నీడయే ఖండించును.

ఈ పరీక్ష ఛాయాచిత్రముల చరిత్రను సైతము సరిదిద్దినది. 1945వ సంవత్సరము ఆగష్టు 14వ తేదిన రెండవ ప్రపంచ యుద్ధము ముగిసినదను ఆనందమున న్యూయార్కు నగరపు టైమ్స్ స్క్వేరులో జనులు వేడుక చేసికొనిరి. నాడొక నావికుడు ఒక యువతిని కౌగిలించుకొనగా ఆల్ఫ్రెడ్ ఐజెన్‌స్టాట్ తీసిన చిత్రము లోకప్రసిద్ధమైనది. ఆ నావికుడను నేనేయని పలువురు చెప్పుకొనిరి. ఆ చిత్రము తీసిన వేళ యేదో తెలిసినచో వారి మాటలను తూచి చూడవచ్చును. టెక్సాసు రాష్ట్ర విశ్వవిద్యాలయపు ఖగోళ శాస్త్రజ్ఞుడు డోనాల్డ్ ఓల్సన్, ఆయన సహచరులు, చిత్రమున వెనుకనున్న భవనముపై పడిన నీడను పరీక్షించి, అది సాయంకాలము 5 గంటల 51 నిమిషములకు తీసినదని 2015లో తేల్చిరి. అధ్యక్షుడు ట్రూమన్ విజయమును ప్రకటించినది ఏడు గంటలకు. ప్రకటనకు ముందే జనులు వీధులలో వేడుక చేసికొనుచుండిరని డెబ్బది సంవత్సరముల తరువాత ఒక నీడ చెప్పినది.

నీడ న్యాయమునకు తోడ్పడిన ఉదాహరణము ఇంకను గంభీరమైనది. 2018వ సంవత్సరము జూలై నెలలో ఆఫ్రికాలోని కామెరూన్ దేశమునకు చెందినదని ఒక దారుణమైన వీడియో వ్యాపించినది. నిరాయుధులైన ఇద్దరు స్త్రీలను, వారి బిడ్డలిద్దరిని సైనికులు బలిగొన్న దృశ్యమది. ఇది మా దేశములో జరిగినది కాదనియు, వట్టి కల్పన యనియు ఆ దేశ ప్రభుత్వము మొదట ప్రకటించెను. బి.బి.సి. సంస్థకు చెందిన పరిశోధకులు ఆ మాటతో తృప్తిపడక దృశ్యమును అంగుళమంగుళము పరిశీలించిరి. దూరమున కనబడు కొండల వరుస ఆకారమును ఉపగ్రహ చిత్రములతో పోల్చి స్థలమును గుర్తించిరి. దృశ్యములో కనబడు కట్టడములు ఏ సంవత్సరముల నడుమ నిలిచియుండెనో చూచిరి. అందలి కాలిబాట వానలు లేని వేడి నెలలలో మాత్రమే కనబడునని గ్రహించిరి. పిమ్మట నడచుచున్న సైనికుల నీడలను కొలిచిరి. నడచు మనిషియే వారికి శంకువైనాడు! ఆ నీడలను బట్టి ఆ ఘోరము 2015వ సంవత్సరము మార్చి 20కిని ఏప్రిలు 5కిని నడుమ జరిగినదని వారు నిర్ణయించిరి. ప్రభుత్వము తన మాటను మార్చుకొని సైనికులను నిర్బంధించెను. 2020లో నలుగురికి పదేసి సంవత్సరముల కారాగార శిక్ష పడినది.

ఈ ఉదాహరణములో గమనింపవలసిన విషయమొకటి కలదు. పరిశోధకులు నీడనొక్కదానినే నమ్ముకొనలేదు. ఏలయన సూర్యుడు తన దారిని సంవత్సరమునకు రెండుమారులు నడచును. పాయకరావుపేటలో మే 9న పడిన నీడ వంటిదే ఆగష్టు 3న కూడ పడును. కామెరూన్ దృశ్యములోని నీడ మార్చి చివర పడినట్లే సెప్టెంబరులోను పడగలదు. కాలిబాట ఆ సందేహమును తీర్చినది. ఒక సాక్షి మాటను మరియొక సాక్షి బలపరుపవలెను. న్యాయస్థానమున కొఱకైనను, వార్తల కొఱకైనను నియమమిదియే.

పాయకరావుపేటకు ఆగ్నేయముగా, తాండవ నది సముద్రమున కలియు చోట, పెంటకోట యను బెస్త గ్రామమున్నది. తుపాను వేళలలో ఇట్టి గ్రామముల పేరుతో వీడియోలు వచ్చుట సంభవము. “నేటి సాయంకాలము ఆరున్నర గంటలకు పెంటకోటలో సముద్రము పొంగినది” అను మాటతో, ఎండలో తీసిన దృశ్యమొకటి డిసెంబరు నెలలో వచ్చినదనుకొందము. డిసెంబరులో అక్కడ ఐదున్నర గంటల ప్రాంతముననే సూర్యాస్తమయమగును. కావున ఆ దృశ్యము ఆ వేళది కాదు. సూర్యుడు సముద్రములోనికి దిగుచున్నట్లు కనబడినచో పెంటకోటదే కాదు. ఆ తీరమున సూర్యుడు సముద్రము వైపున ఉదయించును, నేల వైపున అస్తమించును. సముద్రములో ప్రొద్దు గ్రుంకుట పశ్చిమ తీరపు దృశ్యము. ఈ రెండు సంగతులు ఆ ఊరి జాలరి పిల్లవానికి పుస్తకము చూడకయే తెలియును. తెలిసినదానిని దృశ్యముతో పోల్చి చూచుటయే అలవరచుకొనవలసిన పని.

ఈ పరీక్షకు పరిమితులును కలవు. నిజముగా తుపాను వచ్చినప్పుడు ఆకాశము మబ్బులతో నిండియుండును, నీడయే పడదు. రాత్రి దృశ్యములకును ఇదే చిక్కు. కొందరు చిత్రమును అద్దములోని ప్రతిబింబము వలె కుడియెడమలు మార్చి పంపుదురు. అప్పుడు నీడ దిక్కు తప్పుగా తోచును. అంగళ్ల పేరుపలకలపై అక్షరములు తలక్రిందులుగా గాక ప్రక్కలు మారి కనబడినచో ఈ మోసము బయటపడును. నేడు కృత్రిమ మేధ యను పేరుగల యంత్రవిద్య లేని దృశ్యములను ఉన్నట్లే సృష్టించుచున్నది. అట్టి వానిలో ఒక మనిషి నీడ ఒక వైపునకును, ప్రక్కనున్న చెట్టు నీడ వేరొక వైపునకును పడియుండుట కలదు. అయినను నీడలు సరిగా నున్నంతమాత్రమున దృశ్యము నిజమని చెప్పరాదు.

నీడకు అందని అబద్ధమే తెలుగునాట కొన్ని కుటుంబములకు దుఃఖమును తెచ్చినది. పాకిస్తానులోని కరాచీ నగరమున పిల్లల రక్షణను గూర్చి ప్రజలను మేల్కొల్పుటకు ఒక చిన్న చిత్రమును తీసిరి. మోటారు సైకిలుపై వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకొనుచున్న బాలుని ఎత్తుకొనిపోవుదురు. వెంటనే తిరిగి వచ్చి బాలుని దింపి, పిల్లలను ఎత్తుకొనిపోవుటకు క్షణకాలము చాలునని హెచ్చరించు పలకను చూపుదురు. ఎవరో ఆ చివరి భాగమును కత్తిరించి, బిడ్డలను దొంగిలించు ముఠా దిగినదని చెప్పి భారతదేశమున వ్యాపింపజేసిరి. 2018వ సంవత్సరము వేసవిలో ఇట్టి వీడియోలను, గాలివార్తలను నమ్మిన జనులు ఆంధ్ర, తెలంగాణ రాష్ట్రములలోను, ఇతర రాష్ట్రములలోను అపరిచితులపై పడి కొట్టిరి. పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ జూలైలో హైదరాబాదు నుండి కర్ణాటకములోని బీదరు జిల్లాకు పోయిన కొందరు మిత్రులు పిల్లలకు చాక్లెట్లు పంచిరి. అది చూచి గ్రామస్థులు వారిని దొంగలుగా భావించి దాడి చేసిరి. వారిలో ఒక యువకుడు మరణించెను.

కరాచీ చిత్రమున ఎండ నిజము, నీడ నిజము, వీధి నిజము. లేనిది దాని చివరి భాగము మాత్రమే. దానిని కనుగొనుటకు సూర్యుడు చాలడు, “దీనికి ముందేమున్నది? వెనుక నేమున్నది? మొట్టమొదట దీనిని ఎవరు, ఎక్కడ, ఎప్పుడు చూపిరి?” అని అడుగు మనస్సు కావలెను. నిపుణులు ప్రతి దృశ్యమునకు మొదట చేయు పని యిదియే. దృశ్యములో ఒక నిశ్చల చిత్రమును తీసికొని, అది పూర్వము ఎక్కడనైన వెలువడినదా యని కంప్యూటరులో వెదకుదురు. పిమ్మట పేరుపలకల భాషను, బండ్ల సంఖ్యలను, బండ్లు రోడ్డుకు ఏ ప్రక్కన నడచుచున్నవో దానిని, కొండలను, గోపురములను పరిశీలింతురు. అటుపిమ్మట గడియారపు కాలమును ఆ దేశపు కాలమునకు మార్చి, సూర్యుని, నీడను ప్రశ్నింతురు. తుదకు ఆ స్థలములో బాధ్యతగల అధికారులను విచారింతురు. తుపాను విషయమున విశాఖపట్టణములోని తుపాను హెచ్చరికల కేంద్రము చెప్పు మాటయే ప్రమాణము గాని, ఎవరో పంపిన దృశ్యము కాదు.

అదే 2018లో జోగులాంబ గద్వాల జిల్లా పోలీసు సూపరింటెండెంటుగా నుండిన రెమా రాజేశ్వరి ఈ గాలివార్తలను ఎదుర్కొనుటకు లాఠీనిగాక పాటను నమ్ముకొనెను. ఆమె తన పోలీసులను గ్రామములకు పంపి, జనులు భయపడుచున్న వీడియోలను గూర్చి వారితోనే మాట్లాడించెను. జానపద కళాకారులు డప్పు వాయించుచు, వచ్చిన ప్రతి వార్తను నమ్మరాదని పాడి వినిపించిరి. విద్యావంతులకు శాస్త్రము చెప్పుమాటను పల్లె ప్రజలకు డప్పు చెప్పినది.

“నిజము నిలకడ మీద తెలియును” అని తెలుగు సామెత. నిలకడ యనగా ఏమియు చేయక కూర్చుండుట కాదు. తేల్చుకొనువరకు చేతిని ఆపుట, ఆ లోపల అడుగవలసిన ప్రశ్నలను అడుగుట. ఏ ఊరు? ఏ తేది? ఏ వేళ? ఆ వేళకు అక్కడ ప్రొద్దున్నదా? నీడ ఏ వైపునకు పడినది? ఈ ప్రశ్నలకు సమాధానములు బడిలో చెప్పు భూగోళ పాఠములోనే యున్నవి. దూరదేశమున అర్ధరాత్రి వెలుగు సూర్యుని చూచి కల్పన యని నవ్వకుండుటకును, దగ్గరి ఊరి పేరుతో వచ్చిన కల్పనను చూచి కఱ్ఱ పట్టుకొని పరుగెత్తకుండుటకును ఆ పాఠమొక్కటే పనికివచ్చును. పరీక్షలో మార్కుల కొఱకు నేర్చిన అక్షాంశము ఒకనాడు ఒక మనిషి ప్రాణమును కాపాడవచ్చును.